‘సర్వర్ డౌన్’ వెనక ఏముంది? తిరువూరులో కూర్చునే నేర్చుకోదగ్గ సర్వర్ ప్రోగ్రామింగ్

తిరువూరు: ‘‘సర్వర్ డౌన్ అయ్యిందండీ, మధ్యాహ్నం రండి.’’ సచివాలయం దగ్గరో, రేషన్ దుకాణం ముందో, బ్యాంకు కౌంటర్ దగ్గరో ఈ మాట వినని వాళ్ళు ఊళ్ళో దాదాపు ఉండరు. ‘సర్వర్’ అనే మాట చాలామందికి ముందు ఒక ఫిర్యాదుగానే పరిచయమైంది. అదేంటో, ఎక్కడుంటుందో, డౌన్ కావడమంటే ఏంటో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ సర్వర్ మీద నడిచే ప్రోగ్రామ్‌ని కూడా మనుషులే రాస్తారు. దాన్ని రాయడం నేర్చుకోవడానికి ఇంజినీరింగ్ సీటు రావాలని గానీ, వెంటనే హైదరాబాద్ వెళ్ళిపోవాలని గానీ రూలేం లేదు. ఎన్టీఆర్ జిల్లాలో తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న తిరువూరు లాంటి పట్టణంలో ఇంటర్ పూర్తయిన కుర్రాడైనా, డిగ్రీ చదివే అమ్మాయైనా సొంతంగా మొదలుపెట్టొచ్చు. అయితే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్నదే అసలు ప్రశ్న.

బయట ఫారం, లోపల రిజిస్టర్

ఒక ఆఫీసును ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. బయట వరండాలో జనం ఫారాలు నింపుతారు. లోపలి గదిలో రిజిస్టర్ ఉంటుంది. ఫారం ఎవరైనా నింపొచ్చు, తప్పు నింపొచ్చు, చించేసి మళ్ళీ రాయొచ్చు. రిజిస్టర్‌ని మాత్రం గుమస్తా తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. వచ్చిన ఫారాన్ని తనిఖీ చేసి, సరిగ్గా ఉంటేనే రిజిస్టర్‌లో ఎక్కించి, రసీదు ఇచ్చి పంపుతాడు.

వెబ్‌సైట్ కూడా ఇంతే. ఫోన్లోనో కంప్యూటర్లోనో కనిపించే పేజీ వరండా. దాన్ని తయారుచేయడం ఫ్రంట్ ఎండ్ పని, అంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. లోపలి గది సర్వర్. అది ఎక్కడో డేటా సెంటర్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్. రిజిస్టర్ డేటాబేస్. గుమస్తా స్థానంలో ఉండి తనిఖీ చేసే ప్రోగ్రామే సర్వర్ ప్రోగ్రామ్. దీన్నే బ్యాక్ ఎండ్ అంటారు.

తెలుగువాళ్ళకు బాగా తెలిసిన రెండు సైట్లను పక్కపక్కన పెడితే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వీవెన్ రూపొందించిన లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేస్తే అక్కడికక్కడే తెలుగు వస్తుంది. ఆ మార్పు బ్రౌజర్ లోపలే జరుగుతుంది, లోపలి రిజిస్టర్‌తో పని లేదు. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా సంగతి వేరు. ఒకరు తిరువూరులో కూర్చుని ఒక వాక్యం సరిదిద్దితే అది సర్వర్‌లోని డేటాబేస్‌లోకి వెళ్ళాలి, పాత వాక్యం కూడా భద్రంగా ఉండాలి, తర్వాత అమెరికాలో పేజీ తెరిచినవాళ్ళకు కొత్త వాక్యం కనపడాలి. ఈ పనంతా చేసేది మీడియావికీ అనే సర్వర్ ప్రోగ్రామ్. అది పీహెచ్‌పీ భాషలో రాసింది.

కాబట్టి మొదటి సూత్రం ఇది. నలుగురు వేర్వేరు చోట్ల నుంచి ఒకే సమాచారాన్ని వాడుకోవాలంటే సర్వర్ కావాలి. ఒక్కరి ఫోన్‌లో ఒక్కరి కోసం జరిగే పనికి చాలాసార్లు అక్కర్లేదు.

దరఖాస్తు, జవాబు

బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య జరిగే సంభాషణలో రెండే మాటలు. ఇంగ్లీషులో రిక్వెస్ట్, రెస్పాన్స్ అంటారు. తెలుగులో ఎప్పటినుంచో వాడుతున్న ఉర్దూ మాటలు ఇక్కడ చక్కగా సరిపోతాయి: దరఖాస్తు, జవాబు. బ్రౌజర్ దరఖాస్తు పెడుతుంది, సర్వర్ జవాబిస్తుంది. అంతటితో ఆ వ్యవహారం ముగిసినట్టే. తర్వాతి దరఖాస్తు వచ్చేసరికి ఇందాక వచ్చినవాళ్ళెవరో సర్వర్‌కి గుర్తుండదు.

ప్రతి జవాబుకీ ఒక నంబర్ ఉంటుంది. 200 అంటే పని అయింది. 404 అంటే అడిగిన పేజీ లేదు. 403 అంటే ఉంది కానీ చూసే అనుమతి లేదు. 500 అంటే దరఖాస్తు చేరింది గానీ లోపల ప్రోగ్రామ్ తప్పు చేసింది. 503 అంటే సర్వర్ ఇప్పుడు చేయలేనంత రద్దీలోనో, మరమ్మతులోనో ఉంది.

ఇవి తెలిస్తే ‘సర్వర్ డౌన్’ అనే ఒకే మాట వెనక నాలుగైదు వేర్వేరు కారణాలు ఉంటాయని అర్థమవుతుంది. ఒక్కోసారి సర్వర్ నిక్షేపంగానే ఉంటుంది, ఊళ్ళో నెట్ పోయి ఉంటుంది. ఒక్కోసారి ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది కానీ డేటాబేస్ రద్దీతో నిలబడిపోతుంది. ఇంకోసారి ఆ సర్వర్ ఆధార్ తనిఖీ కోసం మరో సర్వర్‌ని అడిగి, దాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పరీక్షా ఫలితాల రోజున లక్షలమంది ఒకే నిమిషంలో దరఖాస్తు పెడితే సైట్ తెరుచుకోకపోవడానికి కారణం కూడా ఇదే. ఏ నంబర్ వచ్చిందో చూసి కారణం ఎక్కడుందో వెతకడం సర్వర్ ప్రోగ్రామర్ రోజూ చేసే పని.

ఇప్పుడు వెబ్‌సైట్ల దాకా వెళ్ళక్కర్లేని సేవలు కూడా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్‌లోనే నడుస్తుంది. కనిపించేది చాటింగే అయినా, పంపిన ప్రతి మెసేజీ ఒక దరఖాస్తే. దాన్ని చదివి జవాబు తయారుచేసేది సర్వర్ ప్రోగ్రామే. ముందువైపు రూపం మారినా లోపలి గది అవసరం పోలేదు.

ఏ భాషతో మొదలుపెట్టాలి?

కొత్తవాళ్ళు ఎక్కువ రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. పీహెచ్‌పీనా, పైథానా, నోడా, జావానా అని వీడియోలు చూస్తూ నెలలు గడిపేస్తారు. నిజానికి మొదటి ఆరు నెలల్లో నేర్చుకునే విషయాలు అన్నిట్లోనూ దాదాపు ఒకటే. దరఖాస్తు తీసుకోవడం, తనిఖీ చేయడం, దాచడం, జవాబివ్వడం. ఇవి ఒక భాషలో వస్తే ఇంకో భాషలోకి మారడం పెద్ద కష్టం కాదు.

పీహెచ్‌పీ పుట్టుక కూడా చాలా మామూలుగానే జరిగింది. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ అనే ప్రోగ్రామర్ ఇంటర్నెట్‌లో పెట్టిన తన రెజ్యూమెని ఎంతమంది చూస్తున్నారో లెక్కపెట్టుకోవడానికి కొన్ని చిన్న ప్రోగ్రామ్‌లు రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఇచ్చేశాడు. అవే పెరిగి పెరిగి ఇవాళ వర్డ్‌ప్రెస్, వికీపీడియా వంటివి నడిపే భాష అయింది. తక్కువ ఖర్చు హోస్టింగ్ దాదాపు అంతటా పీహెచ్‌పీకి దొరుకుతుంది.

పైథాన్‌లో రాసిన జాంగో కథ చిన్న ఊళ్ళవాళ్ళకు మరీ దగ్గరగా ఉంటుంది. అది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే పట్టణంలో, ‘లారెన్స్ జర్నల్ వరల్డ్’ అనే స్థానిక పత్రిక ఆఫీసులో పుట్టింది. వార్త ఉదయం చెబితే సాయంత్రానికల్లా దానికో వెబ్ పేజీ సిద్ధం కావాలి. ఆ ఒత్తిడిలో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ ప్రతిసారీ రాయాల్సి వస్తున్న పనిని ఒకచోట పోగుచేశారు. 2005 జూలైలో దాన్ని ఉచితంగా అందరికీ విడుదల చేశారు. పెద్ద కంపెనీలు తయారుచేసింది కాదు, ఊరి పత్రిక అవసరం తయారుచేసింది.

2009లో రయాన్ డాల్ తెచ్చిన నోడ్ జేఎస్ బ్రౌజర్‌లో ఉండే జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీదికి తెచ్చింది. ఇప్పటికే జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్ళకు అది దగ్గరి దారి.

తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. పక్కన అడిగితే చెప్పేవాళ్ళు ఏ భాష తెలిసినవాళ్ళో అదే పట్టుకోవాలి. కాలేజీలో పైథాన్ చెబుతుంటే పైథాన్. బంధువుల్లో ఎవరైనా పీహెచ్‌పీ పని చేస్తుంటే పీహెచ్‌పీ. రాత్రి పదింటికి ఎర్రర్ వస్తే ఫోన్ ఎత్తేవాళ్ళుండడమే భాష పేరు కంటే ముఖ్యం.

ల్యాప్‌టాప్ లేకపోతే?

సర్వర్ నేర్చుకోవడానికి సర్వర్ కొనక్కర్లేదు. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. విండోస్‌లో ఎక్స్‌ఏఎంపీపీ అనే ఉచిత ప్యాకేజీ పెడితే వెబ్ సర్వర్, డేటాబేస్, పీహెచ్‌పీ మూడూ ఒకేసారి వస్తాయి. పైథాన్ అయితే పైథాన్ పెట్టుకుని, ఆపైన జాంగో గానీ ఫ్లాస్క్ గానీ వేసుకుంటే సరిపోతుంది.

అప్పుడు బ్రౌజర్‌లో 127.0.0.1 అని కొడితే తన కంప్యూటర్ తనకే జవాబిస్తుంది. దీన్ని లోకల్‌హోస్ట్ అంటారు. వరండా, లోపలి గది రెండూ ఒకే ఇంట్లో ఉన్నట్టు. ఈ దశలో ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. తప్పులు ఎన్ని చేసినా బయటివాళ్ళకు కనపడవు.

ల్యాప్‌టాప్ కూడా లేనివాళ్ళు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే ఉచిత యాప్‌తో పీహెచ్‌పీ, పైథాన్ నడపొచ్చు. చిన్న తెర మీద టైప్ చేయడం ఇబ్బందే గానీ, తొలి పాఠాలకు ఆటంకం కాదు.

మొదటి ప్రాజెక్టు: రక్తదాతల జాబితా

చూసి రాసే ప్రాజెక్టు కంటే ఊరికి పనికొచ్చే ప్రాజెక్టు ఎక్కువ నేర్పిస్తుంది. తిరువూరు చుట్టుపక్కల ఎవరికైనా అత్యవసరంగా రక్తం కావాలంటే జరిగేది తెలిసిందే. రోగిని విజయవాడకో ఖమ్మానికో తీసుకెళ్తారు, ఇక్కడ వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ తిరుగుతుంది. రెండు రోజుల తర్వాత కూడా అదే మెసేజ్ ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. రక్తం దొరికిందో లేదో తెలియదు, పోయిన వారమే ఇచ్చిన కుర్రాడికే మళ్ళీ ఫోన్ వస్తుంది.

ఒక డిగ్రీ విద్యార్థిని ఈ సమస్యనే ప్రాజెక్టుగా తీసుకుందనుకుందాం. ఆమె ముందు కాగితం మీద గీసుకోవాల్సింది డేటాబేస్ పట్టిక. పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూప్, ఊరు, ఫోన్ నంబర్, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ. అంతే, ఆరు గడులు.

ఇక్కడే మొదటి పాఠం. చాలామంది ‘వయసు’ అని ఒక గడి, ‘ఇప్పుడు ఇవ్వగలరా’ అని ఇంకో గడి పెడతారు. ఏడాది గడిస్తే వయసు తప్పవుతుంది, మూడు నెలలు గడిస్తే రెండోది తప్పవుతుంది. మారనిదాన్ని దాచాలి, మారేదాన్ని లెక్కగట్టాలి. పుట్టిన తేదీ దాస్తే వయసును సర్వర్ ఎప్పటికప్పుడు లెక్కేస్తుంది. మన దేశ నిబంధనల ప్రకారం రక్తం ఒకసారి ఇచ్చాక మగవాళ్ళు 90 రోజులు, ఆడవాళ్ళు 120 రోజులు ఆగాలి. ఈ లెక్క రాయబోతేనే తన పట్టికలో ఒక గడి తక్కువైందని ఆమెకు తెలుస్తుంది. ఆడా మగా అన్నది లేకుండా ఏ గడువు పెట్టాలో సర్వర్‌కి తెలియదు. ఏడో గడి అలా చేరుతుంది. ఇక దాతల్లో ఎవరికి గడువు పూర్తయిందో ప్రోగ్రామ్ తేల్చేస్తుంది, పోయిన వారం ఇచ్చినవాళ్ళ పేరు అసలు చూపించదు. బరువు, హిమోగ్లోబిన్ లాంటివి వెబ్‌సైట్ తేల్చేవి కావు. చివరి మాట బ్లడ్ బ్యాంక్ డాక్టర్‌దే.

రెండో పాఠం తనిఖీ. బ్లడ్ గ్రూప్ కోసం ఫారంలో ఎనిమిది గ్రూపుల డ్రాప్‌డౌన్ పెట్టేశాం కదా, ఇంకేదీ రాదులే అనుకుంటారు. వరండాలో ఉన్న ఫారాన్ని ఎవరైనా మార్చొచ్చు. బ్రౌజర్‌ని పక్కనపెట్టి నేరుగా సర్వర్‌కే దరఖాస్తు పంపొచ్చు కూడా. కాబట్టి వచ్చింది ఆ ఎనిమిదిలో ఒకటేనా అని సర్వర్ మళ్ళీ చూడాల్సిందే. బ్రౌజర్‌లో చేసే తనిఖీ వాడేవాళ్ళ సౌకర్యం కోసం, సర్వర్‌లో చేసే తనిఖీ రిజిస్టర్ భద్రత కోసం. రెండూ కావాలి.

ఆ ఎనిమిది కూడా పూర్తి జాబితా కాదని కొంచెం చదివితే తెలుస్తుంది. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే బృందం ముంబైలో గుర్తించిన ‘బాంబే బ్లడ్ గ్రూప్’ అనే అరుదైన గ్రూపు ఉంది. మామూలు పరీక్షలో అది ‘ఓ’ లాగే కనిపిస్తుంది, కానీ వాళ్ళకు ‘ఓ’ రక్తం కూడా పనికిరాదు. దాన్ని పట్టికలో ఎలా చేర్చాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడే, ప్రోగ్రామింగ్ అంటే కోడ్ ఒక్కటే కాదని, విషయం తెలుసుకోవడం కూడా అని అర్థమవుతుంది.

షేక్ ముందా, వెనకా?

పేరు గడి చూడ్డానికి అన్నిటికన్నా తేలిక, చేయడానికి అన్నిటికన్నా చిక్కు. విదేశీ పాఠాలు చూసి చేసినవాళ్ళు ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులు పెట్టి, రెండూ తప్పనిసరి చేస్తారు. తెలుగువాళ్ళలో ఇంటిపేరు ముందొస్తుంది. ఆంధ్రా ముస్లిం కుటుంబాల్లో కూడా షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్ అనేవి ముందు రాసుకోవడం మామూలు. కొందరికి ఒకటే పేరు ఉంటుంది. ఆ ఫారం ముందు కూర్చున్న మనిషి ఏదో ఒకటి అటూ ఇటూ చేసి నింపుతాడు. రేపు ఆధార్‌లో ఒక పేరు, ఇక్కడ ఒక పేరు అయి కూర్చుంటుంది. ‘పూర్తి పేరు’ అని ఒకటే గడి పెడితే ఈ గొడవే లేదు.

అంతేకాదు, మహమ్మద్‌ని మొహమ్మద్ అని, ఎండీ అని, ఇంగ్లీషులో నాలుగైదు స్పెల్లింగులతో రాస్తారు. పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. ఒకే పేరుతో పదిమంది ఉండొచ్చు. అందుకే డేటాబేస్‌లో ప్రతి మనిషికీ పేరుతో సంబంధం లేని ఒక వరస సంఖ్య ఇస్తారు. దాన్నే ప్రైమరీ కీ అంటారు.

ఇక లిపి. కంప్యూటర్ అక్షరాలను యూనికోడ్ అనే ఉమ్మడి పట్టిక ప్రకారం దాచుకుంటుంది. ‘తిరువూరు’ అనే పేరును కళ్ళతో చూస్తే నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు కాబట్టి 8. అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కాబట్టి మొత్తం 24 బైట్లు. ‘సలాం’ అని ఉర్దూ లిపిలో రాస్తే 4 అక్షరాలు, ఒక్కోదానికి 2 చొప్పున 8 బైట్లు. అదే మాట తెలుగులో రాస్తే 12 బైట్లు.

ఇదంతా ఎందుకంటే, పీహెచ్‌పీలో మామూలుగా పొడవు లెక్కించే ఫంక్షన్ బైట్లనే లెక్కపెడుతుంది. దాంతో ‘పేరు 20 దాటకూడదు’ అని నిబంధన రాస్తే ‘తిరువూరు’ అనే నాలుగక్షరాల మాట కూడా ఫెయిల్ అవుతుంది. ఇంగ్లీషు పేర్లతో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. ‘పేరులో ఇంగ్లీషు అక్షరాలే ఉండాలి’ అనే నిబంధన కూడా ఇలాగే తెలుగునీ ఉర్దూనీ గుమ్మం బయటే ఆపేస్తుంది.

పేర్లు దాచాక ప్రశ్న గుర్తులుగా మారిపోతే అది డేటాబేస్ అక్షరాల అమరికలో తప్పు. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8ఎంబీ4 అనే అమరిక ఎంచుకుంటే తెలుగు, ఉర్దూ, ఎమోజీలు అన్నీ సరిగ్గా నిలుస్తాయి. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి అదే సహజంగా వస్తుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు కనపడాలనే సంగతి సర్వర్‌ది కాదు, పేజీలో దిశ చెప్పాల్సింది ఫ్రంట్ ఎండ్‌లో.

ఏది చూపించకూడదు?

ఇంతవరకు వచ్చేసరికి ఆమెకు ఉత్సాహం వస్తుంది. దాతల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు ఒక పట్టికగా పేజీ మీద పెట్టేస్తే ఎవరికి కావాలంటే వాళ్ళు ఫోన్ చేసుకుంటారు కదా అనిపిస్తుంది. అక్కడే ఆగాలి.

ఆ జాబితాలో కాలేజీ అమ్మాయిల నంబర్లుంటాయి. ఒక్కసారి బయటపడిన నంబర్‌ని వెనక్కి తీసుకోలేం. రక్తం ఇస్తానని ముందుకొచ్చిన అమ్మాయికి అర్ధరాత్రి అడ్డమైన ఫోన్లు వస్తే, తర్వాత ఆ వీధిలో ఇంకెవరూ పేరివ్వరు. మంచి పని మొదట్లోనే చచ్చిపోతుంది.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఏంటంటే, నంబర్లను పేజీలోకి పంపించి, కనిపించకుండా సీఎస్ఎస్‌తోనో జావాస్క్రిప్ట్‌తోనో దాచేయడం. అది దాచడం కాదు, తలుపు తీసిపెట్టి కర్టెన్ వేయడం. బ్రౌజర్‌లో పేజీ సోర్స్ తెరిస్తే మొత్తం కనపడుతుంది. సర్వర్ గడప దాటిన సమాచారం ఇక బయటివాళ్ళ చేతిలో ఉన్నట్టే. నంబర్ అసలు గడప దాటకూడదు. రక్తం కావాల్సినవాళ్ళు దరఖాస్తు పెడితే సర్వర్ దాన్ని దాతకో, బాధ్యత తీసుకున్న వలంటీర్‌కో చేరవేయాలి. దాత ఒప్పుకుంటే ఆయనే తిరిగి ఫోన్ చేస్తారు.

సర్వర్ ప్రోగ్రామింగ్‌కి అసలు ప్రాణం ఇక్కడే ఉంది. ఏం చూపించాలో ఫ్రంట్ ఎండ్ చూసుకుంటుంది. ఎవరికి ఏది చూపించకూడదో తేల్చాల్సింది సర్వర్.

ఇంకో మూడు జాగ్రత్తలు ఈ దశలోనే అలవాటు కావాలి.

మొదటిది, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. ఫారంలో వచ్చిన పేరును డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశంలో అలాగే అతికించేస్తే, పేరు స్థానంలో ఎవరో ఒక ఆదేశమే రాసి పంపొచ్చు. గుమస్తాకి ఇచ్చిన ఫారంలో పేరు రాయాల్సిన చోట ‘రిజిస్టర్ మొత్తం నా ముందు పెట్టు’ అని రాస్తే అతను అలాగే చేసేసినట్టు. 1998 నుంచీ అందరికీ తెలిసిన ఈ దాడి ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మందు కూడా తెలిసిందే. ఆదేశం వేరుగా, సమాచారం వేరుగా పంపే ‘ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్’ పద్ధతి వాడాలి. మొదటి రోజు నుంచే అలా రాస్తే రెండో పద్ధతి గుర్తు కూడా ఉండదు.

రెండోది, పేరు గడిలో ఎవరైనా జావాస్క్రిప్ట్ రాసి పంపితే, దాన్ని అలాగే పేజీలో చూపించడం వల్ల చూసినవాళ్ళ బ్రౌజర్‌లో అది నడుస్తుంది. బయటికి చూపించే ముందు ఆ గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చాలి. జాంగో టెంప్లేట్లు ఈ పని తమంతట తామే చేస్తాయి. పీహెచ్‌పీలో ప్రోగ్రామర్ గుర్తుపెట్టుకుని చేయాలి.

మూడోది, దరఖాస్తు పంపే రెండు పద్ధతులు. గెట్ పద్ధతిలో పంపిన సమాచారం చిరునామా పట్టీలో కనపడుతుంది, బ్రౌజర్ హిస్టరీలో, సర్వర్ లాగ్‌లో మిగిలిపోతుంది. వెతకడానికి అది బాగుంటుంది. ఫోన్ నంబర్, పాస్‌వర్డ్ లాంటివి మాత్రం పోస్ట్ పద్ధతిలోనే పంపాలి.

అక్కర్లేనిది అడగకపోవడం వీటన్నిటికన్నా మంచి రక్షణ. రక్తదాతల జాబితాకి ఆధార్ నంబర్ ఎందుకు? దగ్గర లేని సమాచారం దొంగల పాలు కాదు. 2023లో పార్లమెంట్ చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెప్పేది కూడా ఇదే. చెప్పిన పనికి, ఒప్పుకున్న మేరకు, అవసరమైనంతే తీసుకోవాలి.

చెప్పుల స్టాండ్ టోకెన్

సర్వర్‌కి ఇందాక వచ్చినవాళ్ళు గుర్తుండరని పైన అనుకున్నాం. మరి లాగిన్ అయ్యాక పది పేజీలు తిరిగినా మళ్ళీ పాస్‌వర్డ్ అడగదేం? దానికి జవాబు గుడి ముందు చెప్పుల స్టాండ్‌లో ఉంది. చెప్పులు లోపల ఉంటాయి, చేతికి ఒక టోకెన్ ఇస్తారు. తిరిగొచ్చినప్పుడు మనిషిని గుర్తుపట్టరు, టోకెన్‌నే చూస్తారు.

బ్రౌజర్ దగ్గరుండే ఆ టోకెనే కుకీ. లోపల దాచిన సమాచారం సెషన్. నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లీ 1994లో కుకీని తెచ్చాడు. టోకెన్ ఎవరి చేతికి చిక్కితే చెప్పులు వాళ్ళవే అయిపోతాయి కాబట్టి, అది దారిలో దొంగల పాలవకుండా సైట్‌కి హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ని ఉచితంగా ఇస్తోంది.

పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టుగా డేటాబేస్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. దాన్ని హ్యాష్ చేసి దాచాలి. మామిడికాయ ఆవకాయ అయ్యాక మళ్ళీ కాయగా మారదు, హ్యాష్ నుంచి పాస్‌వర్డ్ కూడా అలాగే వెనక్కి రాదు. లాగిన్ చేసేటప్పుడు ఇచ్చిన పాస్‌వర్డ్‌ని అదే పద్ధతిలో మార్చి, రెండూ సరిపోయాయా అని చూస్తారు. ఇందుకు పీహెచ్‌పీలోనూ, జాంగోలోనూ సిద్ధంగా ఉన్న ఫంక్షన్లే వాడాలి, సొంత తెలివి పనికిరాదు. ఏదైనా సైట్ ‘పాస్‌వర్డ్ మర్చిపోయా’ అంటే పాత పాస్‌వర్డ్‌నే మెసేజ్ చేస్తోందంటే, అక్కడ ఈ జాగ్రత్త లేదని అర్థం.

అమీర్‌పేట్ బస్సు ఎక్కేముందు

తిరువూరు నుంచి ఈ చదువు కోసం బయల్దేరేవాళ్ళు విజయవాడకో, నేరుగా హైదరాబాద్ అమీర్‌పేట్‌కో వెళ్తారు. కోచింగ్ ఫీజు ఒకవైపు, హాస్టల్ ఖర్చు ఇంకోవైపు. ఇంట్లోవాళ్ళు అప్పు చేసి పంపిన సందర్భాలూ ఉంటాయి. కోచింగ్ తప్పని ఎవరూ అనరు. కానీ ఏమీ తెలియకుండా వెళ్ళి కూర్చుంటే మొదటి రెండు వారాల్లోనే పాఠం చేయి జారిపోతుంది. ఫీజు మాత్రం తిరిగి రాదు.

వెళ్ళేముందు ఇంట్లోనే తేల్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. మొదటి నెలలో ఒక ఫారం నుంచి వచ్చిన పేరును తీసుకుని జవాబుగా పేజీ పంపడం. రెండో నెలలో దాన్ని డేటాబేస్‌లో దాచడం, వెతకడం, మార్చడం, తీసేయడం. మూడో నెలలో లాగిన్, తనిఖీలు. ఈ మూడూ వీడియో చూడకుండా సొంతంగా చేయగలిగితే కోచింగ్‌లో పెట్టే డబ్బుకి ఫలితం ఉంటుంది. మూడు నెలలు కూర్చున్నా ఈ పని మీద ఇష్టం పుట్టకపోతే, ఆ సంగతి ఫీజు కట్టకముందే తెలిసిపోతుంది. అదీ లాభమే.

ఉచితంగా దొరికే పాఠాలు తక్కువేం కాదు. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ పాఠాలున్నాయి. హార్వర్డ్ యూనివర్సిటీ వెబ్ ప్రోగ్రామింగ్ కోర్సు జాంగోతో నడుస్తుంది, ఇంట్లోంచే ఉచితంగా చూడొచ్చు. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కూడా ప్రోగ్రామింగ్ కోర్సులున్నాయి. ఇంగ్లీషు కష్టమైనవాళ్ళు వీడియో వేగం తగ్గించుకుని, ఒక్కో మాట రాసుకుంటూ వెళ్ళొచ్చు. రిక్వెస్ట్, సెషన్, టేబుల్, క్వెరీ లాంటి మాటలు వందలోపే ఉంటాయి, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే కోడ్ అంతా అదే రాసిచ్చేస్తుంది కదా, ఇంక నేర్చుకోవడం ఎందుకు అనే మాట కూడా వినపడుతోంది. రాసిచ్చే మాట నిజమే. కానీ ఆ కోడ్ దాతల ఫోన్ నంబర్లను గడప దాటిస్తోందా లేదా అన్నది చూసుకోవాల్సింది సైట్ పెట్టినవాళ్ళే. నంబర్ బయటపడితే ఊళ్ళోవాళ్ళు చాట్‌బాట్‌ని అడగరు, ఆ సైట్ పెట్టిన అమ్మాయినే అడుగుతారు. చదివి అర్థం చేసుకోగలిగిన కోడ్‌నే వాడాలి.

లోకల్‌హోస్ట్‌లో అంతా సరిగ్గా నడిచాక, మొదట పదిమంది స్నేహితుల పేర్లతో, వాళ్ళ అనుమతితో మొదలుపెట్టడం మంచిది. డేటాబేస్‌కి రోజూ ఒక కాపీ వేరేచోట పెట్టుకోవాలి. డేటాబేస్ పాస్‌వర్డ్‌ని కోడ్‌తోపాటు గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేయకూడదు. పేరు తీసేయమని ఎవరైనా అడిగితే వెంటనే తీసేసే వీలుండాలి.

అప్పుడు కూడా ఏదో ఒక రోజు సైట్ తెరుచుకోదు. ఎవరో ఫోన్ చేసి ‘సర్వర్ డౌన్ అయ్యిందా అమ్మా?’ అని అడుగుతారు. తేడా ఏంటంటే, ఆ రోజు ఆమె మధ్యాహ్నం రమ్మని చెప్పి ఊరుకోదు. లాగ్ తెరిచి, వచ్చింది 500నా 503నా అని చూసి, సరిచేయడానికి కూర్చుంటుంది.